మేడం రాసుకున్న పోర్షన్

మేడం పోయి పదమూడు రోజులు దాటాక ఆమె చెల్లెలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఒక గొడుగు, ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. అక్క దవాఖానలో ఉన్నప్పుడే నా పేరు చెప్పి ఇవ్వమన్నదట. కూచోమంటే కూచోలేదు, చాయ తాగమంటే తాగలేదు. నన్ను ఒకసారి కింది నుంచి పై దాకా చూసింది. ఇంతమంది శిష్యులుండగా ఈమెకే ఎందుకు ఇమ్మన్నదో అంతుపట్టలేదన్నట్టుంది ఆ చూపు. నాకు మాత్రం అంతుపట్టింది. అందుకే ఆ కట్ట విప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

గొడుగుతో పేచీ లేదు. అది నాకు పాత చుట్టమే. ఎండాకాలం, వానాకాలం సరే, చలికాలం పొద్దున కూడా ఆ నల్ల గొడుగు మేడం చంకలో ఉండేది. దాన్ని విప్పగా చూసినవాళ్లు తక్కువ. బోర్డు మీద పంక్తి చూపించడానికి, కాలేజీ గేటు దగ్గర కుక్కల్ని అదిలించడానికి, వెనక బెంచీలో కునికే పిల్ల డెస్కు మీద టక్కున కొట్టడానికి పనికొచ్చేది. మేడం గొడుగును పెళ్లి చేసుకుందని మేం చెప్పుకునేవాళ్లం. నిజం పెళ్లి సంగతి తర్వాత తెలిసింది. ఒకాయన ఉండేవాడట, ఆయన్ని గుంటూరులోనే వదిలేసి చెల్లెల్ని వెంటబెట్టుకుని హనుమకొండ వచ్చేసిందట. దాని గురించి ఆమె ఎన్నడూ చెప్పలేదు, మేం అడగలేదు.

అది డెబ్బైల చివర. ఆడపిల్లల కాలేజీలో మేం డిగ్రీ చదువుతున్నాం. ఆంధ్ర వైపు మనిషి అంటే మా ఇళ్లలో మొహాలు ఇంకా ముడుచుకునే రోజులు. వరంగల్ బజార్లో మా నాయనకు కిరాణా దుకాణం. ఇంగ్లీషు చెప్పే మేడం గుంటూరు మనిషని తెలిసిన రోజున ఆయన చింతపండు తూచడం ఆపి, ఇక్కడోళ్లు దొరకలేదా అని అడిగాడు. మేం కూడా తక్కువ తినలేదు. మేడం "వచ్చేశారా, రాసేశారా" అంటే వెనక నుంచి అదే సాగదీత సాగదీసి నవ్వేవాళ్లం. ఆమెకు వినపడేది. చేతిసంచిలోంచి వేయించిన పల్లీలు నాలుగు తీసి, అరచేతిలో నలిపి, పొట్టు ఉఫ్‌మని ఊది, తాపీగా నోట్లో వేసుకునేది. కోపం వచ్చినా అంతే, సంతోషం వచ్చినా అంతే. మొదటి బెంచీ పిల్లల పుస్తకాల మీద ఎప్పుడూ పల్లీ పొట్టు ఉండేది.

క్లాసులో కుర్చీ మీద కూర్చోగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మా సిలబస్‌లో ఒక పాత ఇంగ్లీషు నాటకం ఉండేది. పేరెందుకు లెండి, అది సిలబస్‌లోంచి పోయి చాలా కాలమయింది, దానికీ నాకూ ఇప్పుడు మాటల్లేవు. ఒక రాజు, అతని తమ్ముడు. యుద్ధంలో గెలిచిన కొండసీమను పంచుకునే దగ్గర ఇద్దరికీ తగాదా. రెండో అంకంలో ఆ కొండసీమ నుంచి పట్టుకొచ్చిన దాసీపిల్ల రాజు కాళ్లు కడగడానికి చెంబుతో నీళ్లు తెస్తుంది. నీళ్లు తెచ్చానని ఒక్క మాట అంటుంది. ఇక అన్నదమ్ములిద్దరూ ఆమె ఎదుటే ఆమె కొండనూ, వాగునూ, ఊళ్లనూ చెరిసగం చేసుకుంటూ నాలుగు పేజీలు మాట్లాడతారు. అది చాలా గొప్ప సీనని గైడులో రాసి ఉంది. రాజు మాటల్లోని గాంభీర్యాన్ని వివరించండి అని ప్రతి ఏడూ ప్రశ్న వచ్చేది.

మేడం ఆ నాలుగు పేజీలూ గడగడా చదివేసేది. రాజు వెళ్లాడు, తమ్ముడు వెళ్లాడు, భటులు వెళ్లారు. పుస్తకం మూసి, గొడుగు కొనతో నేల మీద ఒకసారి కొట్టి అడిగేది.

"ఆమె ఎక్కడుందర్రా?"

మొదటిసారి మాకు ఎవరి గురించో కూడా తెలియలేదు. రాణి గురించేమో అనుకున్నాం. తర్వాత ఎవరో లోపలికి వెళ్లి ఉంటుందన్నారు. వెళ్లినట్టు రాసి ఉందా, చూడమన్నది. యాభై మందిమీ పేజీలు తిరగేశాం. దాసి వచ్చినట్టు రాసి ఉంది. పోయినట్టు ఎక్కడా లేదు. ఆ పెద్ద రచయిత ఆమెను లోపలికి పిలిచాడు గానీ బయటికి పంపడం మరిచిపోయాడు.

"అయితే అక్కడే ఉంది. వందల ఏళ్లుగా చెంబు పట్టుకుని నిలబడే ఉంది. చెయ్యి లాగదూ పాపం?" అన్నది మేడం.

అప్పటి నుంచి ఆమె పేరు దాసి మేడం అయిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలిసి, రాణి మేడం అననందుకు సంతోషమన్నది.

ఈ చూపు ఆమెకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. వాళ్ల నాన్న పద్యనాటకాల కంపెనీలో పోర్షన్లు రాసేవాడట. నాటకం మొత్తం ప్రతి ఒక్కరికీ రాసివ్వడం ఎవరివల్లా కాదు గనక ఏ వేషం వేసేవాడికి ఆ వేషం మాటలే విడిగా రాసిస్తారు. ముందు మాట్లాడేవాడి ఆఖరి ముక్క, దాని కింద నీ మాట. అంతే. మధ్యలో ఏం జరిగిందో ఆ కాగితంలో ఉండదు. రాజు పోర్షన్ నోటుబుక్కు నిండా ఉంటుంది, చెలికత్తెది సగం కాగితం. చిన్నపిల్ల కదా అని చిన్న వేషాలన్నీ వాళ్ల నాన్న ఆమె చేత రాయించేవాడు. అట్లా పదేళ్ల వయసు నుంచీ నాటకాలన్నీ ఆమె సగం కాగితాల్లోంచే చూసింది. మా చేత కూడా అదే చేయించేది. ఒక్కొక్కరికీ ఒక భటుణ్ణో, దాదినో, పల్లకీ మోసేవాణ్ణో అప్పజెప్పి, వాడి పోర్షన్ విడిగా రాసుకురమ్మనేది. వాడికి తెలిసిన కథేమిటో రాయమనేది. పరీక్షకు పనికిరాని ఈ పని మాకు మొదట విసుగ్గా ఉండేది. కొన్నాళ్లకు ఇంట్లో కూడా అదే చూపు వచ్చింది. మా నాయన, బాబాయి దుకాణం పంపకాల గురించి మాట్లాడుకుంటుంటే గుమ్మం పక్కన చాయ గిన్నెతో నిలబడ్డ మా అమ్మ నాకు కొత్తగా కనిపించింది.

సారక్క మా క్లాసే. ఏటూరునాగారం దాటి లోపలికి పోతే అడవిలో ఒక కోయగూడెం వాళ్లది. ఆ గూడెంలో ఇంటరు దాటిన మొదటి మనిషి ఆమే. ఎడమ చేత్తో రాసేది, అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. మాట చాలా మెల్లగా ఉండేది గానీ మెత్తగా ఉండేది కాదు. డిగ్రీ కాగానే టీచరు ట్రైనింగు చేసి, వాళ్ల గూడెం బడికే టీచరుగా పోవాలని ఆమె లెక్క. అప్పటికి ఆ బడికి పంతులు నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడట.

చివరి ఏడు కాలేజీ డేకి ఆ నాటకాన్నే తెలుగులో ఆడిద్దామని మేడం అనువాదం చేసింది. ఒకరోజు క్లాసులో చదివి వినిపించింది. రాజు, తమ్ముడు పెద్దపెద్ద సమాసాలతో మాట్లాడారు. దాసి వంతు వచ్చేసరికి "నీళ్లు దెచ్చిన దొరా" అన్నది. ఆ పిల్లకు మా భాష పెట్టింది మేడం. మమ్మల్ని గౌరవించాననే అనుకుంది. క్లాసంతా గొల్లుమన్నది. మా ఇళ్లలో పొద్దున లేస్తే మాట్లాడే మాటకు మేమే నవ్వాం. నేను కూడా నవ్వాను.

నవ్వనిది సారక్క ఒక్కతే. లేచి నిలబడింది.

"రాజు గూడ గిట్ల మాట్లాడొచ్చు గద మేడం. పనిపిల్లకే ఎందుకు పెట్టిన్రు?" అన్నది. మేడం ఏదో చెప్పబోయింది. సారక్క ఇంకా కూర్చోలేదు. "గిది గూడ ఆ పిల్ల మాట గాదు. కొండల పిల్ల గదా. మా ఇంట్ల మేం గీ తెలుగు మాట్లాడం."

మేడం సంచిలో చెయ్యి పెట్టింది గానీ పల్లీలు తీయలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, "నేను తప్పు రాశానమ్మా" అన్నది. యాభై మంది పిల్లల ముందు ఒక లెక్చరరు ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఆ రోజు మేడం కోసం ఏమైనా చేస్తాననిపించింది. అంత ఇష్టం పుట్టింది.

మర్నాడు దాసి వేషం సారక్కకే ఇచ్చింది. నీళ్లు తెచ్చానన్న మాట కోయలోనే అనమన్నది. తన చేత్తోనే ఆమె పోర్షన్ రాసిచ్చింది. సగం కాగితం కూడా లేదది. ముందు రాజు ఆఖరి ముక్క, కింద సారక్క మాట కోసం ఒక గీత, దాని కింద చాలా ఖాళీ. ఆ ఖాళీలో ఎప్పుడు బయటికి పోవాలో, ఎటు పోవాలో, చెంబు కింద పెట్టి పోవాలో విసిరికొట్టి పోవాలో నువ్వే రాసుకో అన్నది. సారక్క ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టుకుని వారం పాటు ఏమీ రాయలేదు. అడిగితే, ఇంకా ఆలోచనలోనే ఉన్నట్టు, సోంచాయిస్తున్న అనేది.

ఆ మధ్య మూడు రోజులు వరసగా సెలవులొచ్చాయి. హాస్టల్లో వంట బంద్. ఇంటికి పోయి రావడానికి సారక్కకు వీలుకాలేదు. మేడం ఆమెను కుమార్‌పల్లిలోని తన కిరాయి ఇంటికి తీసుకుపోయింది. రిహార్సలని మా ఇంట్లో చెప్పి నేనూ పోయాను. చెల్లెలు పరీక్షలకు చదువుకోవడానికి స్నేహితురాలి ఇంటికి పోయింది, ఇంట్లో మేం ముగ్గురమే. మేడం రాజు, నేను తమ్ముణ్ణి, సారక్క దాసి. మేమిద్దరం అరుచుకుంటుంటే సారక్క ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడేది. మధ్యమధ్య మేడం మాట ఆపి, చెయ్యి లాగుతోందా అని అడిగేది. లాగుతాందని సారక్క నవ్వేది. సొరకాయ పప్పు వండుకున్నాం. కోయలో ఆ మాట ఎట్లా పలకాలో సారక్క నాకు నేర్పింది. నా నోట్లో అది ఏమయ్యేదో గానీ ఆమె చేత్తో నోరు మూసుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వేది. నా జీవితంలో అంత మంచి మూడు రోజులు తక్కువ.

సెలవులు అయిపోయిన రెండో నాడు ప్రిన్సిపాల్ గది నుంచి కబురొచ్చింది. నన్ను మా క్లాసు హాజరు రిజిస్టరు తెమ్మన్నారు. నేను వెళ్లేసరికి మామూలు బట్టల్లో ఇద్దరు మనుషులు కుర్చీల్లో ఉన్నారు. వాళ్లు పోలీసులని చెప్పనక్కర లేకుండానే తెలిసింది. సారక్క బల్ల ముందు నిలబడి ఉంది. మేడం గోడ పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆయా చాయ గ్లాసుల పళ్లెంతో వచ్చి బల్ల మీద పెట్టి, ఎవరూ పొమ్మనలేదు గనక అక్కడే ఆగిపోయింది. నేను రిజిస్టరు పట్టుకుని తలుపు దగ్గర ఉండిపోయాను.

సారక్క అన్న అడవిలో తిరిగేవాళ్లతో కలిశాడట. ఆ మూడు రోజులూ ఈమె ఊరికి పోయి వాళ్లకు అన్నం మోసిందని ఎవరో చెప్పారట. ఆ పోలీసులిద్దరిలో పెద్దాయన గొంతు పెంచలేదు. చాలా మర్యాదగానే మాట్లాడాడు.

"ఆ మూడు రోజులు యాడున్నవమ్మా?"

"మేడం ఇంట్ల ఉన్న సార్. నాటకం నేర్చుకున్నం." సారక్క గోడ వైపు తిరిగింది. "మేడంను అడుగున్రి సార్."

ప్రిన్సిపాల్ మేడం వైపు చూశాడు. మేడం ఆరేళ్లుగా ఆ కాలేజీలో టెంపరరీ. పర్మనెంటు చేసే ఫైలు ఆ నెలలోనే కదిలింది, అది ఆయన బల్ల మీదే ఉంది. చెల్లెలి చదువు, ఇంటి కిరాయి, వెనక్కి పోలేని గుంటూరు, అన్నీ ఆ ఫైలు మీదే ఆధారం. అవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు తెలిసిందల్లా ఆమె ఒక్క వాక్యం చెప్పాలని. ఉంది, నా ఇంట్లోనే ఉంది. అది అబద్ధం కూడా కాదు.

మేడం నోరు తెరిచింది. నేను చూశాను. గొడుగు పిడిని కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది. ఫ్యాను తిరుగుతోంది. సారక్క ఆమెనే చూస్తోంది. రిహార్సల్లో మేడం మాట మరిచిపోతే అందించడానికి చూసినట్టే, కొంచెం ముందుకు వంగి చూసింది. మేడం నేల చూపులు చూసింది.

నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆ మూడు రోజులు నేనూ అక్కడే తిన్నాను, అక్కడే పడుకున్నాను. నన్నెవరూ అడగలేదు. అడగలేదు గనక చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. పోలీసులతో మాట్లాడిన పిల్లను మా నాయన ఇంట్లో ఉంచడని భయపడ్డాను, అదీ నిజం. ఆ పెద్దాయన చాయ సగం తాగి లేచాడు. సారక్క మా ఇద్దరి మధ్య నుంచి నడిచి వాళ్ల వెంట పోయింది.

పదకొండు రోజులకు వదిలారు. ఏ కేసూ లేదు. హాస్టలుకు వచ్చి పెట్టె తీసుకుని పోయింది. హాస్టల్లో ఆమె సీటు అప్పటికే వేరే పిల్లకు ఇచ్చేశారు. ఆ రోజు నేను కాలేజీకి పోలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

కాలేజీ డే మాత్రం ఆగలేదు. దాసి వేషం నాకిచ్చారు. వద్దని అనలేకపోయాను. కోయ మాట నాకే వచ్చు గనక నువ్వే వెయ్యాలన్నారు. మేడం స్టేజీ మీదికి రాలేదు, తెర పక్కన నిలబడి ఉంది. నేను చెంబుతో వచ్చాను, సారక్క నేర్పిన మాట అన్నాను, హాల్లో ఒక్కరికీ అర్థం కాలేదు. రాజు వెళ్లాడు, తమ్ముడు వెళ్లాడు. నేను బయటికి ఎట్లా పోవాలో ఎవరూ రాయలేదు. మేడం వైపు చూశాను, ఆమె నా వైపు చూడటం లేదు. తెర పడేదాకా అట్లాగే నిలబడ్డాను. చెయ్యి నిజంగానే లాగింది. ముఖ్య అతిథి మైకు పట్టుకుని, మాటల్లేని వేషంలో ఆ అమ్మాయి సహజంగా నటించిందని మెచ్చుకున్నాడు. నాకు స్టీలు గిన్నె ప్రైజు వచ్చింది. దాన్ని ఇంటికి తీసుకుపోలేదు, దారిలో బస్సు సీటు కింద వదిలేశాను.

పరీక్షల ముందు మేడం ఒకరోజు నన్ను పిలిచి, ఏటూరునాగారం పోదాం రమ్మన్నది. సారక్క హాల్ టికెట్ ఆమె సంచిలో ఉంది. పరీక్షలు రాస్తే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చన్నది. బస్సులో మూడు గంటలు, దిగి అడవి బాటన గంటన్నర నడక. దారంతా మేడం ఏం మాట్లాడాలో లోపల అనుకుంటూనే ఉంది, పెదవులు కదులుతున్నాయి.

సారక్క ఇంటి ముందు కూర్చుని బీడీలకు పోయే తునికాకు కట్టలు కడుతోంది. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చింది, నీళ్లిచ్చింది. చెంబు అందుకుంటూ మేడం నీళ్లు చీర మీద ఒలకబోసుకుంది. సారక్క ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఎడమ చెయ్యి రెండు వేళ్లకు గోళ్లు లేవు. ఎవరమూ అడగలేదు.

నాటకం ఆడారా అని అడిగింది. ఆడామన్నాను. నా వేషం ఎవరేశారన్నది. నేనే అన్నాను. ఆ మాట ఒకసారి అను అన్నది. అన్నాను. గుడిసెలోంచి వాళ్లమ్మ నవ్వింది. సారక్క కూడా కొంచెం నవ్వింది.

"ఎట్ల బయటికి పోయినవ్?"

పోలేదు, తెర పడేదాకా నిలబడ్డానన్నాను. తల ఊపి మళ్లీ కట్ట కట్టసాగింది.

అప్పుడు మేడం హాల్ టికెట్ తీసి మంచం మీద పెట్టింది. పరీక్షలు అయ్యేదాకా తన ఇంట్లోనే ఉండొచ్చన్నది, తోడుగా వచ్చి పోతానన్నది. బస్సులో అనుకున్నవన్నీ చెప్పింది. సారక్క అంతా విని నార ముడి బిగించింది.

"మళ్ల ఒస్తరు మేడం. మళ్ల అడుగుతరు. అప్పుడు చెప్తరా?"

"చెప్తాను" అన్నది మేడం. వెంటనే అన్నది. ఈసారి ఆలస్యం చేయలేదు.

సారక్క చుట్టూ చూసింది. వాకిలి, ఆకుల కుప్ప, కట్టేసిన మేక.

"ఈడ ఎవరున్నరు మేడం, వినెటందుకు?"

 హాల్ టికెట్‌ను ఎగిరిపోకుండా ఆకుల కట్ట కింద పెట్టింది. పరీక్షలకు రాలేదు.

మేడం పర్మనెంటు అయింది. జీతం పెరిగింది, చెల్లెలి పెళ్లి చేసింది. ఆ నాటకం మరో మూడేళ్లు సిలబస్‌లో ఉంది. నా తర్వాత చదివిన పిల్లలు ఒకసారి కలిస్తే, దాసి మేడం బాగున్నారా అని అడిగాను. వాళ్లకు ఆ పేరు తెలియదు. ఆమె ఎక్కడుందర్రా అని మేడం అడుగుతారా అంటే, ఎవరు అని నన్నే అడిగారు. రాజు మాటల్లోని గాంభీర్యం బాగా చెప్తారన్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. ఎనుమాముల మార్కెట్లో రైతుల సరుకు కమీషనుకు అమ్మిపెట్టే అడ్తి వ్యాపారం ఉన్న ఇంటికి నన్నిచ్చారు. ఒకనాడు మా ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి యార్డుకు పోయాను. మిరప సీజను. షెడ్డు కింద ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు మూతికి గుడ్డ కట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఒకామె ఎడమ చేత్తో తీస్తోంది. తలెత్తింది. గుడ్డ పైన కళ్లే కనిపించాయి, అవి చాలు. ఆమె నన్ను గుర్తుపట్టింది. మా ఆయన పక్కనే ఉన్నాడు, గుమాస్తాలు ఉన్నారు. ఘాటుకు దగ్గినట్టు దగ్గి, కొంగు అడ్డం పెట్టుకుని నేను రిక్షా ఎక్కాను.

మేడం ఆఖరి రోజుల్లో దవాఖానకు చూడటానికి పోయాను. బాగా చిక్కిపోయింది. గొడుగు మంచం కోడుకు తగిలించి ఉంది. పల్లీలు తీసుకుపోయాను, తినలేకపోయింది, అరచేతిలో పెట్టుకుని నలిపి పొట్టు ఊదింది. ఊపిరి చాలక పొట్టు చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు అడిగింది.

"ఆమె ఎక్కడుంది?"

ఎవరని అడగలేదు నేను. మిరప షెడ్డులో ఉందని చెప్పాలి. చెప్తే, నువ్వు పలకరించావా అని అడుగుతుంది. చూపు దించుకుని, తెలియదు మేడం అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసింది. అబద్ధమని ఆమెకు తెలిసిందనే నా నమ్మకం. అట్లా చూపు దించుకోవడమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు.

సంతాప సభ కాలేజీ హాల్లోనే పెట్టారు, మేం నాటకమాడిన హాల్లోనే. నోరులేని పాత్రలకు నోరిచ్చిన విదుషీమణి అని ఒకాయన అన్నాడు. శిష్యురాలిగా రెండు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. గొడుగు గురించి, పల్లీ పొట్టు గురించి చెప్పాను. అందరూ నవ్వారు. వచ్చి కూర్చున్నాను.

కట్టలో ఏముందో ఇప్పుడు చెప్తాను. పైన సారక్క దాసి పోర్షన్ ఉంది. పెట్టె తీసుకుపోయిన రోజున హాస్టల్ గదిలో వదిలేసి పోయిందేమో, మేడం తెచ్చి దాచింది. కింద ఖాళీ ఖాళీగానే ఉంది. దాని కింద ఒక మామూలు కాగితం, మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది. ఎన్నిసార్లు విప్పి చూసిందో. అది మేడం తన కోసం రాసుకున్న పోర్షన్. పద్ధతి ప్రకారమే రాసుకుంది. పైన ముందు మాట్లాడిన మనిషి ఆఖరి ముక్క.

మేడంను అడుగున్రి సార్.

దాని కింద తన మాట కోసం ఒక గీత. గీత మీద ఏమీ లేదు. గీత కింద, చాలా చిన్న అక్షరాలతో, నా పేరు రాసి దాని పక్కన ఇంకో గీత గీసింది. అంటే నేను తలుపు దగ్గర ఉండటం మేడం చూసింది. ఇన్నేళ్లూ ఆ సంగతి నాతో అనలేదు. నా గీత కూడా ఖాళీగానే ఉంది.

ఎవరున్నారు వినేందుకు అని సారక్క అడిగింది. ఇప్పుడు ఇది చదివేవాళ్లున్నారు. చాలా ఆలస్యంగా, ఎవరికీ ఏ నష్టమూ లేని రోజున, పోలీసులు గానీ ప్రిన్సిపాల్ గానీ నాయన గానీ లేని గదిలో కూర్చుని రాస్తున్నానని నాకు తెలుసు. అయినా రాస్తాను.

ఆ మూడు రోజులూ సారక్క ఎక్కడికీ పోలేదు. కుమార్‌పల్లిలో మేడం ఇంట్లో ఉంది. సొరకాయ పప్పు తిన్నది. చెంబు పట్టుకుని నిలబడింది. నా పక్కన చాప మీద పడుకుంది. నేను చూశాను సార్.